గోడవైపు కుర్చీ

ఆరో అధ్యాయం మాత్రం తన అక్క టేబుల్ మీదికి వెళ్ళకూడదని రచయిత ప్రెస్సు మేనేజరుకు ముందే చెప్పుకున్నాడు. ఎందుకని అడిగితే, “సొంతవాళ్ళు దిద్దితే మొహమాటం అడ్డొస్తుందండీ, తప్పులు వదిలేస్తారు” అన్నాడు. ఆ ప్రెస్సులో అచ్చయిన పుస్తకాల్లో సగం అక్క చేతుల మీదుగా పోయినవే. మొహమాటానికి ఆమె ఒక్క అచ్చుతప్పు వదిలేసిందని పగవాడు కూడా అనడు. తోడబుట్టినవాడు అన్నాడు. మేనేజరుకు ఇవన్నీ ఎందుకు? “సరే లెండి, కిటికీ దగ్గర దిద్దే జంటకి ఇస్తాను” అని ఊరుకున్నాడు.

రచయిత అన్నది ఆయన పేరు కాదనుకోండి. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. కానీ నాలుగు కథలు పుస్తకంగా అచ్చయి, ఆదివారాలు కథలు రాయడం నేర్పే క్లాసు ఒకటి మొదలుపెట్టాక ప్రెస్సులో అందరూ రచయితగారనే పిలుస్తున్నారు, ఆయనా పలుకుతున్నాడు. ఇప్పుడు అచ్చవుతున్నది ఆ క్లాసు పాఠాల పుస్తకమే. అందులో ఆరో అధ్యాయమంటే ఆయనకు ప్రాణం. కథ చివర ఏం జరగబోతోందో దాని గింజలు మొదట్లోనే చల్లి ఉండాలని అందులో చెప్తాడు. చదివేవాడు వాటిని దాటుకుంటూ పోవాలి గానీ పట్టించుకోకూడదు. చివరికొచ్చి వెనక్కి తిరిగితే, “అయ్యో, ఇదంతా నా కళ్ళముందే ఉందే!” అనుకోవాలి. ఇక రెండో సంగతి, కథ ఎవరి కళ్ళతో చెప్తున్నామన్నది. ఎవరి కళ్ళతో చెప్తే ఆ మనిషి లోపల కూర్చుని చెప్పాలంటాడు. ఈ రెండింటికీ కలిపి ఉదాహరణగా తన కథే ఒకటి పెట్టాడు.

ఆ కథలో ఒక కుట్టు టీచరు తన గోడు తనే చెప్పుకుంటుంది. ఆమెకు కుడి చెవి బొత్తిగా వినపడదని, ఎడమ చెవి కూడా మందగిస్తోందని ఆఖరి వాక్యం దాకా మనకు తెలియదు. గింజలు మాత్రం మొదటి పేజీ నుంచీ ఉంటాయి. క్లాసులో ఈ కథ చదివి వినిపించిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు మనిషి కుట్టు టీచరు కాదు, అక్క. చెవి డాక్టరు దగ్గరికి ఆమెను తీసుకెళ్ళింది ఈయనే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె, “ఒరే, ఈ ముక్క నీ కడుపులోనే ఉండాలి. బావకి కూడా చెప్పకు” అంది. “నా ప్రాణం పోయినా బయటికి రాదక్కా” అన్నాడు. ప్రాణానికేం, నిక్షేపంలా ఉంది. ముక్కే బయటికొచ్చింది.

ఆమె అంతగా దాచడానికి కారణం ఉంది. ఆ ప్రెస్సులో ప్రూఫు దిద్దడం ఒక్కరి పని కాదు. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి. ఎదుటివాళ్ళు అది వింటూ, ప్రూఫు మీద వేలు నడిపిస్తూ, తేడా కనపడ్డచోట పెన్సిలు పెట్టాలి. కామా ఉంటే కామా అని, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అని కూడా పైకి అనాలి. ఒకసారి అయ్యాక చదివినవాళ్ళు దిద్దాలి, దిద్దినవాళ్ళు చదవాలి. అది మేనేజరు పెట్టిన నియమం. అక్క మాత్రం ఎప్పుడూ చదివే మనిషే. ఆమె జత నెమ్మది బాబాయి. ఆయన నోరు తెరిస్తే ఆయన చేతిలో పెన్సిలుకు కూడా వినపడదు కాబట్టి, ఆయన చేత చదివించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బాబాయి గొంతు అలా ఉన్నన్నాళ్ళూ అక్క ఉద్యోగం చల్లగా ఉంటుంది.

“ఈ పనికి కళ్ళూ చెవులే పెట్టుబడి” అంటాడు మేనేజరు. చూపు తగ్గిన ఒక ముసలాయన్ని పోయినేడు మర్యాదగా ఇంటికి పంపేశాడు. అక్కని కూడా అలా పంపితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. బావ నడుము దెబ్బతిని మంచానికే అతుక్కుపోయి ఉన్నాడు. ఇదంతా రచయితకు తెలియక కాదు. తెలిసే రాశాడు. మనిషిని మార్చాను, వృత్తి మార్చాను, ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. గింజల్ని మాత్రం మార్చలేదు. అవి లేకపోతే కథ లేదు మరి.

ఆ రోజు ప్రూఫులు ఎంతవరకు వచ్చాయో చూద్దామని ప్రెస్సుకొచ్చాడు. గుమ్మంలోనే మేనేజరు ఎదురయ్యాడు.

“రండి రండి, దేవుడు పంపినట్టొచ్చారు. కిటికీ ఆయనకి జ్వరం. ఇటు మన నెమ్మది బాబాయి కూడా సెలవు. మీ ఆరో అధ్యాయం సాయంత్రానికల్లా మిషనెక్కాలి. మీ అక్కగారు చదువుతారు, మీరు ప్రూఫు పట్టుకోండి.”

రచయిత ఒక అడుగు వెనక్కి వేశాడు. “నేనా? నాకు అలవాటు లేదండీ. పైగా కళ్ళజోడు మర్చిపోయొచ్చాను.”

“మరి ముక్కు మీదున్నదేంటండీ, అలంకారమా?” అన్నాడు మేనేజరు. గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. కిటికీ ఆవిడ ఒక్కతే కూర్చుని బడి పుస్తకాల లెక్కలు సరిచూస్తోంది, ఆమె కూడా తలెత్తి నవ్వింది. అక్క అందరి మొహాలూ చూసి, అందరి వెనక తనూ నవ్వింది.

“రారా, కూర్చో” అని టేబుల్ అవతలి కుర్చీ చూపించింది. తన కుర్చీ ఎప్పటిలాగే కుడిపక్క గోడకు ఆనించి ఉంది. “నీ పుస్తకం నా నోటి మీదుగా పోకుండా ఎలా పోతుందనుకున్నావు? అన్నట్టు, నిన్న ఒక విచిత్రం జరిగింది తెలుసా? కిటికీ ఆవిడ నా కుర్చీ అడిగింది, ఒక్కరోజు మార్చుకుందాం అక్కా అని. ఎన్నడూ లేనిది, ఈ మూలకేం కళ వచ్చిందో మరి.”

రచయిత కిటికీ వైపు చూశాడు. కిటికీ ఆవిడ చెల్లెలు తన క్లాసులో రెండో వరసలో కూర్చుంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటి గుర్తులు వేళకు రావు.

ఇప్పుడైనా నోరు విప్పి, “అక్కా, ఇది చదవకు” అంటే సరిపోయేది. ఎందుకు అని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? ఆయన దగ్గర ఒకే ఒక్క ఆశ ఉంది. చదివే మనిషి అర్థం పట్టించుకోకూడదని అక్క ఎప్పుడూ అంటుంది. అర్థంలో పడితే కామా జారిపోతుందట. ఎన్ని పుస్తకాలు చదివినా ఒక్కదాంట్లో ఏముందో చెప్పలేనని నవ్వుతుంది. ఆ లెక్కన ఈ కథ కూడా ఆమె నోట్లోంచి వచ్చి గాల్లో కలిసిపోవచ్చు. అంత కథ రాసినవాడు, నా కథ ఎవరికీ అర్థం కాకూడదు స్వామీ అని మొక్కుకుంటూ పెన్సిలు పట్టుకున్నాడు.

పక్కగదిలో మిషన్ ధనధనలాడుతోంది. అక్క గొంతు దాని మీదుగా స్పష్టంగా వస్తోంది.

“ఏ గదిలోకి వెళ్ళినా కామా నేను ముందు గోడ వెతుక్కుంటాను ఫుల్‌స్టాప్. కుడిపక్క గోడ ఉన్న కుర్చీ దొరికితే కామా ఆ పూట గట్టెక్కినట్టే ఫుల్‌స్టాప్.”

రచయిత ప్రూఫు మీద వేలు నడపడం మానేసి ఆమె మొహమే చూస్తున్నాడు. ఏమీ లేదు. కళ్ళు కాగితం మీద, గొంతు ఎప్పటిలాగే. రెండో పేరా వచ్చింది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళలోకి కాకుండా నోటివైపు చూసే అలవాటు గురించి అందులో ఉంది. అదీ కామాలతో సహా చదివేసింది. ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకోవడం చదివింది. తను ఆపకుండా మాట్లాడుతుంటే అవతలివాళ్ళ మాట వినాల్సిన పని ఉండదు కాబట్టి వాగుడుకాయనని పేరు తెచ్చుకోవడం చదివింది. ఒక్కొక్క గింజా ఆమె పెదాల మీంచి రాలుతుంటే, వాటిని చల్లిన రోజు ఎంత మురిసిపోయాడో ఆయనకు గుర్తొస్తోంది. తన తెలివి తనకే ఇంత అసహ్యంగా కనపడటం ఆయనకు అదే మొదటిసారి.

“నలుగురూ నవ్వాక నేనూ నవ్వుతాను ఫుల్‌స్టాప్. వాళ్ళు ఎందుకు నవ్వారో తెలియకపోయినా నవ్వు మాత్రం…”

అక్క ఆగలేదు, చదువుతూనే ఉంది. కానీ అక్కడ ఒక కామా ఉంది, అది ఆమె నోట రాలేదు. అక్క కామా వదిలేయడం! దిద్దే మనిషి వెంటనే “కామా” అని గుర్తుచేయాలి. రచయిత అనలేదు.

ఆ తర్వాత ఆమె తలెత్తలేదు, తడబడలేదు. చదువు నెమ్మదించింది, అంతే. ఇప్పుడు ప్రతి మాటా అర్థంతో సహా లోపలికి తీసుకుంటోందని ఆయనకు తెలుస్తోంది. కుట్టు బడి వార్షికోత్సవం వచ్చింది. ఒక పెద్దమనిషి ఆమె కుడిపక్కన నిలబడి పలకరిస్తాడు, మళ్ళీ పలకరిస్తాడు. ఆమె పలకదు. చూసినవాళ్ళు నవ్వుతారు.

“నాకు తల కొట్టేసినట్టయింది ఫుల్‌స్టాప్. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండునని అనిపించింది ఫుల్‌స్టాప్. నా వల్ల నావాళ్ళందరూ తల దించుకోవాలి కదా అని నేను సిగ్గుతో చచ్చిపోయాను ఫుల్‌స్టాప్.”

కథ అయిపోయింది. చెవుల సంగతి చెప్పే ఆఖరి వాక్యం కూడా చదివింది. పాఠం ఇంకా ఉంది. దాన్నీ వదల్లేదు.

“ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూడండి ఫుల్‌స్టాప్. గోడవైపు కుర్చీ కామా అందరి తర్వాత వచ్చే నవ్వు కామా అన్నీ మీ కళ్ళముందే ఉన్నాయి ఫుల్‌స్టాప్. ఇది నేను బాగా ఎరిగిన ఒక మనిషిని చూసి రాసిన కథ ఫుల్‌స్టాప్. ఆమె సిగ్గును రాయడానికి నేను ఆమెలోకి పరకాయప్రవేశం చేయాల్సి వచ్చింది ఫుల్‌స్టాప్. అధ్యాయం సమాప్తం.”

కాగితాలు సర్ది టేబుల్ మీద పెట్టింది. చెయ్యి చాచి ఆయన ముందున్న ప్రూఫు లాక్కుంది. దాని మీద ఒక్క పెన్సిలు గీత కూడా లేదు.

“ఈ లైనులో ఒక మాట రెండుసార్లు పడింది. చూళ్ళేదా?”

“అక్కా…”

“ఇక్కడ సగం వాక్యం ఎగిరిపోయింది. ఇదీ చూళ్ళేదు. ఏం చూస్తూ కూర్చున్నావురా?”

“అక్కా, అందులో ఆవిడ కుట్టు టీచరు…”

“అవునవును. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. బాగానే వేశావు మారువేషం.”

పక్కగదిలో మిషన్ ఆగింది. టీ వేళ అయినట్టుంది. గదిలో ఉన్నట్టుండి నిశ్శబ్దం. రచయిత గొంతు తగ్గించి, ఆమె ఎడమవైపుకు వంగి, “ఈ అధ్యాయం తీసేస్తానక్కా. ఇప్పుడే మేనేజరుతో చెప్తాను” అన్నాడు.

“క్లాసులో చెప్పావా ఈ కథ?”

ఆయన పెన్సిలు టేబుల్ మీద పెట్టేశాడు.

“కిటికీ ఆవిడ చెల్లెలు మీ క్లాసుకొస్తుందని నాకు తెలుసు. నిన్న నా కుర్చీ అడిగి ఏం పరీక్షించిందో ఇప్పుడర్థమైంది. ఇంకేం తీసేస్తావు? ఊరంతా చల్లాక ఏరుకొస్తావా?”

“తప్పయిపోయిందక్కా. ఉద్యోగానికి ఏమన్నా అయితే నేను…”

“ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. ఇన్నేళ్ళూ చూసుకోలేదా?” అక్క గొంతు ఏమీ మారలేదు. అదే ఆయనకు మరీ కష్టంగా ఉంది. తిట్టినా బాగుండు, చిన్నప్పటిలాగా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసినా బాగుండు. “నాకున్నది భయంరా. ఎప్పుడు తెలిసిపోతుందో, ఎప్పుడు ఇంటికి పొమ్మంటారో అని రోజూ భయమే. అది రాసుంటే ఇది నా కథే అని ఒప్పుకుందును. ఈ సిగ్గు ఎక్కడిది? ఎవరిదిది?”

రాతప్రతిలో వార్షికోత్సవం ఉన్న పేజీ తీసి ఆయన ముందు పెట్టింది.

“ఇది నీ మొదటి పుస్తకం విడుదల చేసిన రోజు జరిగింది కదూ? ఆ పెద్దాయన నన్ను పలకరించాడు, నాకు వినపడలేదు. పక్కావిడ తట్టి చెప్తే తిరిగాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకున్నాను. భూమి చీలాలని నేనెప్పుడనుకున్నానురా?”

రచయిత పేజీ వైపు చూశాడు. అక్షరాలు కనిపించడం లేదు.

“ఆ తర్వాత ఆయన నిన్నడిగాడు, ఎవరావిడ అని. నువ్వు నా కుడిపక్కనే నిలబడి ఉన్నావు. ఏం చెప్పావు?”

అది తనకూ ఆ పెద్దాయనకూ తప్ప ఇంకెవరికీ తెలియని విషయం. తెలిసే అవకాశమే లేదని నమ్మకంగా ఉన్నాడు.

“తెలిసినావిడ, అన్నావు” అంది అక్క.

“నీకు… వినపడిందా?”

“వినపడలేదు. కనపడింది. ఎదుటివాళ్ళ నోరు చూస్తుందని నువ్వే రాశావు కదరా. నీ నోరు మాత్రం చూడదనుకున్నావా?”

సిగ్గంటే ఏమిటో ఆయన ఎన్నో కథల్లో రాశాడు. చెంపలు ఎర్రబడ్డాయని, గొంతు ఎండిపోయిందని, ఇంకా ఏవేవో. ఇప్పుడు అవేవీ జరగడం లేదు. అక్క మొహంలోకి చూడలేకపోతున్నాడు, అంతే. ఆ రోజు సభలో తనకు కలిగిన సిగ్గును ఇన్నాళ్ళూ మోయలేక, కథ అన్న పేరుతో తెచ్చి ఆమె నెత్తిన పెట్టాడు. పైగా దాన్ని పరకాయప్రవేశమని పుస్తకంలో రాసుకున్నాడు. ఆమెలోకి ఎన్నడూ వెళ్ళలేదు. తనలోంచి బయటికే రాలేదు.

“మరి ఇన్నాళ్ళూ అడగలేదేమక్కా?”

“అడిగితే ఏడుస్తావు. చిన్నప్పట్నుంచీ అంతేగా నువ్వు.”

అన్నట్టే ఆయన కళ్ళు నిండాయి. అక్క పట్టించుకోలేదు. ప్రూఫు తన ముందుకు లాక్కుని, రాతప్రతి ఆయన వైపు తోసింది.

“రెండో చదువు మిగిలింది. ఇప్పుడు నువ్వు చదువు, నేను దిద్దుతాను.”

“వద్దక్కా. అందరూ ఉన్నారు.”

“నియమం నియమమే. బాబాయి ఉంటే తప్పించుకునేదాన్ని. ఇవాళ బాబాయి లేడు.”

లేచి నిలబడింది. గోడకు ఆనించి ఉన్న కుర్చీని కాళ్ళు నేల మీద కీచుమనేలా ఇవతలికి లాగింది. టేబుల్ చుట్టూ తెచ్చి, గది మధ్యలో, తన ఎడమ చెవి రచయితకు ఎదురుగా ఉండేలా వేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమెకు కుడిపక్క గోడ లేదు. ఆ పక్క కిటికీ ఆవిడ ఉంది, టీ గ్లాసులు పట్టుకుని వచ్చిన మిషన్ వాళ్ళున్నారు.

“ఊఁ, మొదలుపెట్టు.”

“ఏ గదిలోకి వెళ్ళినా కామా…” అన్నాడు రచయిత.

“గట్టిగా.”

“ఏ గదిలోకి వెళ్ళినా కామా నేను ముందు గోడ…”

“ఇంకా గట్టిగా చదవరా. నాకు వినపడదు కదా.”

కిటికీ ఆవిడ పెన్సిలు ఆగిపోయింది. ఆమె మొహం కందిపోయి, గబుక్కున తల దించుకుంది. అద్దాల గదిలోంచి మేనేజరు బయటికొచ్చాడు. “ఏంటండీ ఈ కేకలు? ఏమైంది?”

అక్క ఆయన వైపు పూర్తిగా తిరిగింది. “నాకు కుడి చెవి వినపడదండీ. ఎడమది కూడా అంతంతమాత్రమే. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. అందుకే మా తమ్ముడి చేత గట్టిగా చదివించుకుంటున్నాను. నేను దిద్దే ఈ ప్రూఫులో ఒక్క తప్పు మిగిలితే చూపించండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

చెప్తూనే ఆమె పెన్సిలును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అది రచయిత ఒక్కడే చూశాడు. మేనేజరు ఆమెను చూసి, రచయితను చూసి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “కానివ్వండి. నేనూ వింటాను” అన్నాడు.

రచయిత చదివాడు. గది నాలుగు మూలలకూ వినపడేలా చదివాడు. గోడ వెతుక్కోవడం, నోటివైపు చూడటం, అందరి వెనక నవ్వడం, అన్నీ తన గొంతుతో ఒక్కొక్కటీ చెప్పాడు. అక్క వేలు అక్షరాల కింద నడుస్తోంది, చూపు ఒకసారి ప్రూఫు మీదికి, ఒకసారి ఆయన నోటి మీదికి పోతోంది. రెండుసార్లు పడిన మాట కొట్టేసింది. ఎగిరిపోయిన సగం వాక్యం పక్కన రాసింది. ఒకచోట చెయ్యెత్తి, “కామా వదిలేశావు” అంది. ఇందాక తను వదిలేసిన కామా అది.

వార్షికోత్సవం వచ్చింది. అక్కడికి రాగానే ఆయన గొంతు దానంతటదే తగ్గింది. అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన కాగితం గట్టిగా పట్టుకున్నాడు. గదిలో ఎవరూ టీ తాగడం లేదు.

“నాకు తల కొట్టేసినట్టయింది ఫుల్‌స్టాప్. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండునని అనిపించింది ఫుల్‌స్టాప్.”

నేను అని ఉన్నచోటల్లా నేను అనక తప్పడం లేదు. వింటున్నవాళ్ళు ఏమనుకున్నా, అది ఎవరి మాటో ఆయనకు తెలుసు. అక్కకూ తెలుసు. ఆమె ఈసారి ప్రూఫు చూడటం లేదు, ఆయన నోటివైపే చూస్తోంది.

“నేను సిగ్గుతో చచ్చిపోయాను” అన్నాడు, ఆగిపోయాడు.

“ఆగావేం?” అంది అక్క. “వాక్యం అవలేదు.”

“ఫుల్‌స్టాప్” అన్నాడు తమ్ముడు.

అక్క అక్కడ పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి, “ఊఁ, తర్వాత” అంది.